పదిహేడో నంబరు మోకాలు

మార్చి 3

మా మేనకోడలు పిల్లకి,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను "ఆఁ, ఆఁ" అంటున్నానని, ఏది వినపడిందో ఏది వినపడలేదో తెలిసి చావట్లేదని మీ అత్త దగ్గర మొత్తుకున్నావట. ముప్ఫై ఏళ్లు చెవి పక్కన కటింగ్ మిషన్ పెట్టుకుని టైల్స్ కోసినవాడికి ఫోన్లో ఏం వినపడుతుందే? అందుకే కాగితం పట్టాను. వెనక్కి తిప్పి చూడకు. అది ఎవరిదో బాత్రూమ్ కొలతల కాగితం.

సంగతేంటంటే మోకాళ్లు. రెండూ మొరాయించాయి, కుడిది మరీను. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. పోయిన వారం ఒక వంటగదిలో నేల పరుస్తూ మోకాళ్ల మీద వంగినవాణ్ణి అలాగే బిగుసుకుపోయాను. ఆ ఇంటావిడ నేనేదో కొలత గురించి లోతుగా ఆలోచిస్తున్నానని టీ గ్లాసు పక్కన పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. టీ చల్లారిపోయింది గానీ నేను మాత్రం లేవలేదు. చివరికి గోడ పట్టుకుని, నానా తిప్పలూ పడి నుంచున్నాను.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, "గుజ్జు పూర్తిగా అరిగిపోయింది మేస్త్రీ, కుడి మోకాలు మార్చేయాల్సిందే" అన్నాడు. మా కోడలు ఉండగా నాకేంటి అనుకున్నాను మనసులో. కిందటిసారి వచ్చినప్పుడు చెప్పావుగా, ఏదో కూరలో గుజ్జుని కాపాడే మందుందని. అది ఒక డబ్బా పంపించు. చేదైనా పర్లేదు, నేను మింగేస్తాను.

మీ అత్త బాగుంది. అంటే నన్ను బాగానే తిడుతోంది.

మావయ్య


మార్చి 14

మావయ్యా,

తిప్పి చూడొద్దన్నావు కాబట్టి ముందు అదే చూశాను. ఆ బాత్రూమ్‌లో నీళ్లు పోయే వాలు గుమ్మం వైపు గీశావు. ఈపాటికి సరిచేసుకునే ఉంటావులే.

డబ్బా లేదు మావయ్యా. నా దగ్గర మందే లేదు. నీకు సరిగ్గా చెప్పకపోవడం నా తప్పే, ఇప్పుడు చెప్తాను విను. గుజ్జు అంటాం గానీ అది గుజ్జులా ఉండదు. ఎముకల చివర తెల్లగా, నున్నగా, నువ్వు పాలిష్ పట్టిన రాయిలా ఉండే పొర అది. దానికి రక్తనాళాలు లేవు. కణాలు కూడా అక్కడొకటీ ఇక్కడొకటీ ఉంటాయి. ఆ పొర బాగోగులన్నీ ఆ కాసిని కణాలే చూసుకోవాలి. వయసు, బరువు, పాత దెబ్బలు, నీలాంటి వాళ్లు చేసే పని, ఇవన్నీ కలిస్తే ఆ పొరని కొరికేసే ఎంజైములు పెరిగిపోతాయి. కట్టడం తగ్గి కూలడం ఎక్కువవుతుంది. పూర్తిగా పోయిన చోట ఏ కూరతోనూ మళ్లీ మొలవదు.

నేను చెప్పిన కూర బ్రోకలీ, పచ్చరంగు కాలీఫ్లవర్ అనుకో. దాన్ని తరిగినా నమిలినా అందులో ఒక పదార్థం పుడుతుంది. గాజుగిన్నెలో పెంచిన కణాల మీద ఆ పదార్థం వేస్తే కొరికే ఎంజైములు కాస్త తగ్గాయి. అదీ గిన్నెలో సంగతే, మనిషిలో కాదు. అసలు మనిషి తిన్నది మోకాటి కీలు దాకా వెళ్తుందా లేదా? నా ప్రశ్న ఇంతే. చిన్న ప్రశ్నే, కానీ ఆరేళ్లుగా దాని చుట్టూనే తిరుగుతున్నాను.

ఇప్పుడు కొన్ని ఆసుపత్రుల్లో మోకాలి మార్పిడికి వచ్చేవాళ్లని అడుగుతున్నారు. ఒప్పుకున్నవాళ్లలో సగం మంది ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు రోజూ బ్రోకలీ తింటారు, ఆసుపత్రివాళ్లు ఆవిరి మీద ఉడికించి ఇచ్చింది. మిగతా సగం మంది ఆ జాతి కూరలేవీ ముట్టుకోరు, క్యాబేజీతో సహా. ఆపరేషన్లో తీసేసిన ముక్క, కీల్లోని నీరు మా ల్యాబ్‌కి వస్తాయి. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చివరిదాకా నాకు తెలియదు. మొత్తం నలభై మంది. జూన్ ఆఖరుకి ఏదో ఒకటి తేలకపోతే ఈ పని ఇక మూసేస్తామని పైవాళ్లు చెప్పేశారు.

కాబట్టి నాకోసం ఆగకు. మోకాలు మార్పించుకో. నువ్వు బిగుసుకుపోయిన మాట చదివి నవ్వాను, తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

నీ కోడలు


ఏప్రిల్ 9

సైంటిస్టమ్మకి,

నువ్వు గెలిచావు. ఆపరేషన్ ఇరవై నాలుగో తారీఖున. పెద్దాసుపత్రిలో. ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారంటే, ఇల్లు అమ్మినా అన్ని ఉండవేమో. ఫారాలు చూసే నర్సమ్మ మాత్రం మంచిది. నెమ్మదిగా, నోటికి దగ్గరగా చెయ్యి పెట్టి గట్టిగా మాట్లాడుతుంది. నాకు ప్రతి ముక్కా వినపడింది.

బాత్రూమ్ వాలు సంగతి నిజమే. పని మొదలుపెట్టిన రోజే రసమట్టం పెట్టి చూసి నాలుక కరుచుకున్నాను. నీకు ఎనిమిదేళ్లప్పుడు నా మోకాలి మీద కూర్చుని ఆ మట్టంలో బుడగ ఎటు పోతోందో చెప్పేదానివి. ఇప్పుడు అంత దూరం నుంచీ చెప్తున్నావు.

ఊరికే అడుగుతున్నా. ఆ పచ్చ పువ్వు ఉడికించి తింటే ఎక్కువ పనిచేస్తుందా, పచ్చిది నమిలితేనా? ఎన్ని రోజులు తినాలి? మనిషి లోపలికి వెళ్లింది మీ యంత్రానికి కచ్చితంగా దొరుకుతుందా? ఏదో తెలుసుకుందామని.

మావయ్య

కింద మీ అత్త రాస్తున్నాను: ఈయన ఈ మధ్య మార్కెట్‌కి తనే వెళ్తానంటున్నాడమ్మా. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. సంచి నాకు చూపించకుండా తిన్నగా పనిముట్ల గదిలోకి పోతున్నాడు. అడిగితే చెవుడు నటిస్తున్నాడు. ఏ చెవుడు నిజమో ఏది నాటకమో నాకు తెలియదా?


ఏప్రిల్ 17

మావయ్యా,

అత్త రాసిన నాలుగు ముక్కలతో నీ బండారం బయటపడిపోయింది. బ్రోకలీ తింటూ ఆపరేషన్ ఎగ్గొడదామనే కదా నీ ఎత్తు? తిను, ఎవరు వద్దన్నారు? మంచి కూరే. పచ్చిది బాగా నమిలితేనే ఆ పదార్థం ఎక్కువ పుడుతుంది, మెత్తగా ఉడికిస్తే చాలావరకు పోతుంది. కానీ ఇరవై నాలుగున నువ్వు ఆపరేషన్ బల్ల మీద ఉండకపోతే, నేనే వచ్చి నిన్ను ఎత్తుకెళ్లి పడుకోబెడతాను.

ఇక్కడ పనేమీ బాగాలేదు. ఇప్పటిదాకా వచ్చిన పదకొండు నమూనాల్లో ఏమీ తేలలేదు. ఉన్నట్టుగానూ లేదు, లేనట్టుగానూ లేదు. మా పెద్ద మేడం ఏమీ అనదు, అనకపోవడమే భరించలేకుండా ఉంది. ల్యాబ్‌లో నాతో మాట్లాడేది లేబుళ్లు అంటించే అక్క ఒక్కతే. ఇరవై రెండేళ్లుగా సీసాల మీద నంబర్లు వేస్తోంది. నేను దిగాలుగా ఉంటే తన డబ్బాలోంచి బిస్కెట్లు పెడుతుంది.

ఇంకెంత, రెండు నెలలు. తేలిపోతుంది. నువ్వు ధైర్యంగా ఉండు. ఈ మాట నాకు నేను కూడా చెప్పుకుంటున్నాను.

నీ కోడలు


మే 2

కోడలు పిల్లకి,

ఉన్నాను. కొత్త మోకాలు లోపల కూర్చుంది. మొదటి రెండు రోజులు నొప్పికి తల ప్రాణం తోకకొచ్చింది. మూడో రోజు నడిపించారు. కాళ్లకి వ్యాయామం చేయించే అమ్మాయి చిన్నదే గానీ మా పాత కాంట్రాక్టరు కంటే కఠినం. "ఇంకొక్క అడుగు మేస్త్రిగారూ" అంటుంది. ఆ ఒక్క అడుగూ ఎప్పటికీ అయిపోదు.

పడుకుని చేసేదేముంది, వార్డు నేల చూస్తున్నాను. ఎవరు పరిచారో గానీ జాయింట్లు దారం పట్టినట్టు నింపాడు. మంచి చెయ్యి. కానీ నా మంచానికీ కిటికీకీ మధ్య రెండు టైల్స్ డొల్ల. చెవికి వినపడకపోయినా చేతికర్రతో తడితే అరచేతికి తెలిసిపోతుంది. నర్సమ్మకి చెప్పాను. "ముందు మీ మోకాలు చూసుకోండి" అంది.

ఇక ముందు మోకాళ్ల మీద కూర్చుని పని చేయకూడదట. ఈ మాట డాక్టరు చాలా మామూలుగా చెప్పాడు. మోకాళ్ల మీద కూర్చోకుండా టైల్స్ పరిచే మేస్త్రి ఏ లోకంలో ఉన్నాడే? నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు ఇది.

మీ యంత్రం ఏమంటోంది? ఏమైనా దొరికిందా? రాయి.

మావయ్య


జూన్ 8

మావయ్యా,

దొరికింది. దొరికి నా కొంప ముంచింది.

యంత్రంలో ఒక చిన్న భాగం మార్చాక పాత నమూనాలన్నీ మళ్లీ చూశాం. ఈసారి స్పష్టంగా తేలింది. కొందరి కీల్లో ఆ పదార్థం ఉంది, కొందరిలో లేదు. మేడం మొదటిసారి నా భుజం తట్టింది. పోయిన సోమవారం పేర్ల జాబితా కాదు గానీ, ఏ నంబరువాళ్లు తిన్నారో ఏ నంబరువాళ్లు తినలేదో చెప్పే కవరు తెరిచాం. అన్నీ సరిపోయాయి. ఒక్కటి తప్ప.

పదిహేడో నంబరు తిననివాళ్లలో ఉంది. కానీ ఆ కీల్లో పదార్థం కొండంత ఉంది. తిన్నవాళ్లందరి కంటే ఎక్కువ. అలా ఎలా జరుగుతుంది? సీసాలు తారుమారయ్యాయని అందరూ అంటున్నారు. అంటే లేబుళ్ల అక్క తప్పు చేసిందని. ఒకటి తారుమారైతే మిగతా ముప్ఫై తొమ్మిదినీ ఎవరు నమ్ముతారు? అక్క నిన్న బిస్కెట్ల డబ్బా తెరవలేదు. "నేను మార్చలేదమ్మా" అని ఒక్కసారి అంది, అంతే. ఆమెని పనిలోంచి తీసేసే మాట కూడా నడుస్తోంది.

మా ల్యాబ్‌లో ఒక పెద్దాయన నాకు దారి చెప్పాడు. పదిహేడుని చప్పుడు చేయకుండా పక్కన పడేయమన్నాడు, నలభైలో ఒకటి పోతే ఎవరడుగుతారని. నిజం చెప్తున్నా మావయ్యా, ఒక పూటంతా అదే చేద్దామనుకున్నాను.

అప్పుడు నా చిన్నతనంలో నువ్వు నేల పరిచిన ఆ పెద్ద హాలు గుర్తొచ్చింది. పని అయిపోయాక నువ్వు తాపీ పిడితో ప్రతి టైలూ తడుతుంటే నేను వెనకాలే వచ్చాను. మూలన ఒకటి డొల్లగా మోగింది. ఇంటాయన, "అక్కడ అలమర వస్తుందిలే మేస్త్రీ, వదిలేయ్" అన్నాడు. "అలమర వస్తుందని టైల్‌కి తెలియదు కదండీ" అని నువ్వు దాన్ని లేపావు. పక్కవి మూడు పగిలాయి. నాలుగూ మళ్లీ పరిచావు. నేను మట్టం పట్టుకున్నాను.

అందుకని నేను పదిహేడుని దాచను. కారణం దొరికేదాకా ఒక్కో సీసా తిరగేస్తాను. నెలాఖరున పెద్దలంతా కూర్చుంటారు. దొరక్కపోతే మొత్తం చెత్తబుట్టలోకే.

వింత ఏంటంటే ఆ పదిహేడో మోకాలిని ముక్క కోసి చూసింది నేనే. ముందు భాగమంతా అరిగిపోయి ఎముక బయటపడింది. మిగతావాళ్లలో అలా లేదు. జీవితమంతా మోకాళ్ల మీద గడిపిన మనిషెవరో అనిపించింది. ఎందుకో నువ్వే గుర్తొచ్చావు.

నీ కోడలు


జూన్ 13

తల్లీ,

ఆ పదిహేడు నేనే.

ఈ ఒక్క ముక్క రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఫారాల నర్సమ్మ ఆ పరీక్ష గురించి చెప్పగానే అది నీదేనని తెలిసిపోయింది. నువ్వు రాసిందే మాట పొల్లుపోకుండా చెప్పింది. ఎగిరి గంతేయాలనిపించింది, మోకాలు ఒప్పుకోలేదు. నువ్వు నా మేనకోడలివని చెప్తే తీసుకోరేమోనని నోరు మూసుకుని సంతకం పెట్టాను. ఎవరు తినాలో ఎవరు తినకూడదో చీటీలు తీశారు, నాకు "తినకూడదు" అని వచ్చింది. తిన్నదీ తిననిదీ రోజూ టిక్కు పెట్టే పుస్తకం మీద పదిహేడని నంబరు వేసిచ్చారు.

ఇంటికొచ్చి ఆలోచించాను. జూన్‌లో నీ పని మూసేస్తారన్నావు. తిననివాడి వల్ల నీకేం ఒరుగుతుంది? తినేవాడు ఒకడు ఎక్కువైతే నీకు ఒక ఓటు ఎక్కువ పడ్డట్టే కదా అనుకున్నాను. నా బుర్రకి అంతే తట్టింది. పనిముట్ల గదిలో సిమెంటు బస్తా మీద కూర్చుని రోజూ తిన్నాను. పచ్చిదే మంచిదని నీ ఉత్తరం వచ్చాక పచ్చిదే, దవడలు నొప్పెట్టేదాకా నమిలాను. ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం కూడా. పుస్తకంలో మాత్రం రోజూ "తినలేదు" అని టిక్కు పెట్టాను. నీకు సాయం చేస్తున్నానని ఎంత మురిసిపోయానో నీకు తెలియదు.

తిననివాళ్లు కూడా నీకు అంతే అవసరమని ఇప్పుడు అర్థమైంది. నేల పరిచేటప్పుడు ఒక మూల టైల్‌ని ఆధారం పెట్టుకుని మిగతావన్నీ దాన్ని చూసి కొలుస్తాం. నేను ఆ ఆధారాన్నే కదిలించాను. నా పనిలో ఎవడైనా అలా చేసుంటే తాపీ విసిరేసేవాణ్ణి.

మీ అత్త అంది, ఈ మాట బయటపడితే పిల్ల ఉద్యోగానికే ముప్పని. రెండు రోజులు దానికీ భయపడ్డాను. కానీ చేయని తప్పుకి ఆ లేబుళ్ల ఆవిడ తలదించుకుంటుంటే నేనెలా అన్నం తినను? నిన్న కర్ర పట్టుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్లాను. నువ్వు నాకేమవుతావో, నేనేం తిన్నానో, ఎన్ని టిక్కులు అబద్ధమో అంతా రాసిచ్చి సంతకం పెట్టాను. నీకు ఒక్క ముక్క తెలియదని కూడా రాశాను.

ఆవిడకి నా తరఫున క్షమాపణ చెప్పు. నిన్ను అడగడానికి నాకు మొహం చెల్లట్లేదు.

మావయ్య


జూన్ 25

తల్లీ,

పన్నెండు రోజులైంది. పోస్టు వచ్చే వేళకి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. తిట్టి అయినా సరే రాయి.

ఒక్క సంగతి అడగాలని ఉంది. నా మోకాలిని కోసి చూశానన్నావు. ముందు భాగం అరిగిపోయిందన్నావు. మిగతాది? అద్దం కింద పెట్టి చూస్తే ఏమైనా మిగిలిందా అందులో, అంతా బూడిదేనా? నాకిష్టమైన పనిలోనే అరిగింది. అయినా తెలుసుకోవాలనుంది.

మావయ్య


జూలై 1

మావయ్యా,

రాయకపోవడానికి రెండు కారణాలు. విచారణ అయ్యేదాకా నీతో మాట్లాడకూడదన్నారు. రెండోది, నాకు నీ మీద ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులు మండింది. అయిదో రోజు సిమెంటు బస్తా మీద కూర్చుని పచ్చి బ్రోకలీ నములుతున్న నిన్ను ఊహించుకుని మీటింగులో నవ్వాపుకోలేకపోయాను. మేడం నన్ను బయటికి పంపించింది.

అయిపోయింది. నీ కాగితం నర్సమ్మ ద్వారా వచ్చింది. పదిహేడుని తీసేశాం, దాచకుండా. రిపోర్టులో ఒక వాక్యం ఉంది: ఒకరు నియమం తప్పి ఆ కూర తిన్నట్టు తామే ఒప్పుకున్నందున లెక్కలోంచి తొలగించాం. మిగతా ముప్ఫై తొమ్మిది నిలబడ్డాయి. తిన్నది కీలు దాకా వెళ్తోంది. దానివల్ల నొప్పి తగ్గుతుందా, అరుగుదల ఆగుతుందా అన్నది ఇంకా తెలియదు. అది చూడటానికి రెండేళ్లు ఇచ్చారు. నీ ఓటు చెల్లలేదు గానీ, గెలిచాం.

మా బంధువు పరీక్షలో ఉండగా నేను ఉత్తరాల్లో వివరాలు రాశానని నా ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం చేరింది. అది న్యాయమే, నేనేమీ బాధపడలేదు. లేబుళ్ల అక్కకి అందరి ముందూ మేడం క్షమాపణ చెప్పింది. నీది కూడా చెప్పాను. ఆమె చేతిలోని సీసాకి లేబులు అంటించడం పూర్తి చేసింది. తర్వాత, "ఆయన చెప్పకుండా ఊరుకుని ఉండొచ్చు కదమ్మా, చెప్పాడు" అంది. నీకోసం బిస్కెట్ల పొట్లం ఇచ్చింది. వచ్చే నెల వస్తూ తెస్తాను. మా ల్యాబ్ నేల కూడా కొత్తగా వేస్తున్నారు. పరిచేవాళ్లు పరుస్తారు, తట్టి చూసి డొల్ల ఎక్కడుందో చెప్పే మనిషి లేడు. కర్ర పట్టుకుని నుంచుని చేసే పనే. నాతో పాటు వచ్చేయ్.

ఇక నువ్వు అడిగింది. నిన్న నీ ముక్కని మళ్లీ తీసి చూశాను. ఈసారి ఎవరిదో తెలిసి చూశాను కాబట్టి ముందు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. బూడిద కాదు మావయ్యా. పొర చాలాచోట్ల చీలిపోయింది, పలచబడింది. కానీ ఆ చీలికల పక్కనే కణాలు గుంపులు గుంపులుగా చేరి ఉన్నాయి. మామూలుగా అవి విడివిడిగా ఉంటాయి. చుట్టూ కూలిపోతున్నప్పుడు ఒకటి రెండై, రెండు నాలుగై, మళ్లీ కట్టడానికి చూస్తాయి. అక్కడ ఇక లాభం లేదని వాటికి ఎవరూ చెప్పరు. డాక్టరు కోసి తీసిన రోజు దాకా నీవి ఆ పనిలోనే ఉన్నాయి.

అంత మొండిగా పని చేసే మనిషి నాకు ఒక్కడే తెలుసు. అప్పుడే గుర్తుపట్టాల్సింది.

నీ కోడలు